నూట ఇరవైనాలుగో అంతస్తు

సిమెంటు కంపెనీ వాళ్ళ ఉత్తరం బస్తర్ కొసనున్న కోంట ఊరికి వచ్చిన రోజు నుంచీ శ్రీరంగం కాళ్ళు నేల మీద ఆనడం మానేశాయి. ఏడాదిలో పెట్టిన లక్ష్యం కంటే ఎక్కువ బస్తాలు అమ్మినందుకు డీలరుకూ, డీలరు భార్యకూ దుబాయి యాత్ర. నాలుగు రోజులు. ఇంకా పాస్‌పోర్టు ఫొటోలు కూడా దిగలేదు, అప్పుడే బుర్జ్ ఖలీఫా ఎక్కి దిగివచ్చినవాడిలా మాట్లాడటం మొదలుపెట్టాడాయన.

"నూట అరవై మూడు అంతస్తులు! లోకంలో దాన్ని మించిన మేడ లేదు. మనం పోయేది నూట ఇరవైనాలుగో అంతస్తుకు. లిఫ్టు నిమిషంలో పోతది. కన్ను మూసి తెరిచేలోపు."

కొట్టు ముందు కుర్చీ వేసుకుని, వచ్చినవాడికల్లా ఇదే పాట. చింతలనార్ వైపు నుంచి ఇంటికి రేకులు కొనడానికి వచ్చిన హడ్మాకు కూడా చెప్పాడు. హడ్మాకు తెలుగు అంతంతమాత్రం. మర్యాదకు కాసేపు తలూపి, లోపల ఇనుప తీగ తూకం వేస్తున్న శ్రీరంగం భార్య సావిత్రి వైపు తిరిగి గోండిలో అడిగాడు: "షావుకారు ఏమి అమ్ముతున్నాడు?"

"ఏమీ అమ్మట్లేదు. ఊరికే మాట్లాడుతున్నాడు" అని సావిత్రి గోండిలోనే జవాబిచ్చింది.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ కొట్టు ఎవరి వల్ల నడుస్తోందో బజారులో అందరికీ తెలుసు, శ్రీరంగానికి తప్ప. గోండి వాళ్ళతో గోండి, దోర్లా వాళ్ళతో దోర్లీ, పంచాయతీ సెక్రటరీతో హిందీ, భద్రాచలం లారీ డ్రైవర్లతో తెలుగు, అన్నీ సావిత్రే. ఎవరి ఇంటి గోడ ఎంతవరకు లేచిందో, ఎవరికి ఏ వారం ఎన్ని బస్తాలు కావాలో ఆమె నోటి మీద ఉంటుంది. శ్రీరంగం నోటి మీద శ్రీరంగం తప్ప ఇంకెవరూ ఉండరు. జగదల్‌పూర్ వెళ్ళి సూటు కుట్టించుకుని వచ్చి అద్దం ముందు నిలబడి టై బిగించుకుంటుంటే, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అనుకుంటూ ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

దుబాయిలో కంపెనీ తరఫున ఉమామహేష్ అనే కుర్ర ఆఫీసరు పసుపు జెండా ఒకటి పట్టుకుని అందరినీ గొర్రెల మందలా తోలాడు. బస్తర్ నుంచి, ఒడిశా నుంచి నలభై మంది డీలర్లు, నలభై మంది భార్యలు. భోపాలపట్నం నుంచి సావిత్రి పిన్ని కొడుకు కిరణ్‌కుమార్, అతని భార్య ప్రశాంతి కూడా వచ్చారు. మొదటిరోజు ఎడారికి తీసుకెళ్ళి జీపుల్లో ఇసుకదిబ్బల మీద ఎగరేశారు. ఇసుక చూడటానికి విమానమెక్కి రావాలా, శబరిలో లారీలకు లారీలు తోడుతున్నారు గదా అనుకుంది సావిత్రి. పక్కన శ్రీరంగం కళ్ళు గట్టిగా మూసుకుని, సీటు ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. జీపు ఆగగానే దిగి, నల్లద్దాలు పెట్టుకుని, "మస్తుగున్నది!" అన్నాడు.

రెండోరోజు బంగారం బజారు. ఆడవాళ్ళందరూ మెడలు చాపి అద్దాల వెంట నడిచారు. కొన్నవాళ్ళు ఇద్దరు, ఫొటోలు తీసుకున్నవాళ్ళు ముప్పై ఎనిమిది మంది.

మూడోరోజు మధ్యాహ్నం మేడ కిందనే ఉన్న పెద్ద మాలుకు చేరారు. అందులో ఒక గోడంతా నీళ్ళు జారుతున్నాయి, ఆ నీళ్ళలోకి తలకిందులుగా దూకుతున్నట్టు బొమ్మ మనుషులు. చిత్రకోట్ జలపాతం ఇంటిపక్కనే ఉన్నవాళ్ళు గోడకు కారే నీళ్ళను చూసి నోళ్ళు తెరిచారు. ఇంకోచోట రెండంతస్తుల ఎత్తు అద్దం వెనక చేపలు. "వదినా, సొరచేప చూడు!" అని ప్రశాంతి కేక వేసి, చేపకు వీపు తిప్పి నిలబడి ఫోను పైకెత్తింది. ఆ సొరచేప కూడా చేతిలో సంచి లేకుండా సంతకు వచ్చినవాడిలా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతోంది తప్ప దానికి పనేమీ ఉన్నట్టు లేదు. సావిత్రికి దాని మీద కొంచెం జాలి వేసింది. ఆ మాలులో ఆమెకు జాలి కలిగినది అదొక్కటే.

ఐదు గంటలకు టికెట్లు. సూర్యాస్తమయం పైనుంచి చూపిస్తామని ఉమామహేష్ రెండు నెలల ముందే తీసిపెట్టాడట. చీకటి నడవాలో వరస మెల్లగా కదిలింది. శ్రీరంగం దారి పొడుగునా వెనకా ముందూ ఉన్నవాళ్ళకు మేడ ఎత్తు, బరువు, అద్దాల లెక్క చెబుతూనే ఉన్నాడు. లిఫ్టు తలుపులు కనబడిన చోట మాట సగంలో ఆగిపోయింది.

ఆగిపోయిన మాట సావిత్రికి వినిపించింది. ముప్పై ఏళ్ళలో ఆయన మాట దానంతటదే ఆగడం ఆమె ఎరగదు. తిరిగి చూస్తే సూటు కాలరు తడిసిపోయి ఉంది. చెయ్యి గోడ పట్టుకుని ఉంది.

"ఏమైంది?"

"ఏం కాలే. రాయ్‌పూర్ నుంచి ఫోనొస్తున్నది. నువ్వు పో."

ఫోను జేబులో నిశ్శబ్దంగా పడుంది. తలుపులు తెరుచుకున్నాయి. లోపల నల్లటి గది, సన్నటి దీపాలు. శ్రీరంగం ఒక అడుగు వెనక్కి వేశాడు. గొంతు తగ్గించి, పిల్లవాడిలా ఆమె కొంగు అంచు పట్టుకుని, "నాతో కాదు సావిత్రీ. నువ్వు పోయి పైన ఏమేమున్నదో చూసి రా. కిరణ్‌కు చెప్పకు" అన్నాడు. అంతలోనే గొంతు పెంచి, "కిరణ్, మీరు నడువుండ్రి, నేను వెనక లిఫ్టులొస్తున్న!" అన్నాడు.

తలుపులు మూసుకున్నాయి. చెవులు దిబ్బెడ వేశాయి. ఆ నిమిషంలోపలే సావిత్రికి ముప్పై ఏళ్ళు వరసగా అర్థమయ్యాయి. ఆయన తన ఇంటి మిద్దె ఎన్నడూ ఎక్కలేదు. మిరపకాయలు ఎండబెట్టినా, నీళ్ళ ట్యాంకు కడిగినా ఆమే. "మగోడు మిద్దె మీద వడియాలు కాస్తడా?" అని కసిరేవాడు. కూతురు వాసవి పెళ్ళికి మిద్దె మీద భోజనాల పందిరి వేస్తే, పెళ్ళికూతురి తండ్రి మూడు గంటలూ కింద వాకిట్లోనే నిలబడి వచ్చినవాళ్ళకు నమస్కారాలు పెట్టాడు. అందరూ ఆయన మర్యాదను మెచ్చుకున్నారు. సావిత్రి కూడా ఆ ఒక్కరోజు మెచ్చుకుంది. ఆ మెప్పు ఇప్పుడు నోట్లో చేదుగా తిరిగింది. భయపడటం ఆమెకు తప్పనిపించలేదు. భయానికి సూటు తొడిగి ఊరంతా తిప్పడం చూసి ఒళ్ళు మండింది.

పైన జనం. అద్దాల చుట్టూ జనం, కొట్టు చుట్టూ జనం. అంత ఎత్తెక్కి కూడా బొమ్మలూ తాళంచెవుల గొలుసులూ అమ్మే కొట్టే! మేడ లోపల మేడబొమ్మ కొంటున్నారు. సగంమంది బయటికి వీపు పెట్టి తమ మొహాలే చూసుకుంటున్నారు. కిరణ్‌కుమార్, ప్రశాంతి కలిసి యాభై ఫొటోలు తీసుకున్నారు. "బావ ఎక్కడక్కా?" అని అడిగాడు కిరణ్. "అటుపక్క ఉన్నట్టున్నడు" అంది సావిత్రి. అబద్ధం చెప్పిన మరుక్షణమే ఆయన కోసం తాను నోరు మైలపరచుకున్నందుకు చిరాకు పడింది. అరగంటకు వాళ్ళిద్దరూ ఆకలేస్తోందని దిగిపోయారు.

అప్పుడు ఆమె అద్దం దగ్గరకు వెళ్ళింది. ఏముంది చూడటానికి? దుమ్ము. సముద్రమున్న వైపు బూడిదరంగు మసక, ఎడారి ఉన్న వైపు మట్టిరంగు మసక. రోడ్లు దారప్పోగుల్లా, బళ్ళు చీమల్లా. దీనికోసమా ఈ ఊరూరి జనమంతా ఒకళ్ళనొకళ్ళు తోసుకునేది అనుకుంది.

వెళ్ళిపోదామని తిరుగుతుంటే కనబడింది. మేడ నీడ. పొద్దు సముద్రం వైపు వాలేకొద్దీ ఆ నీడ ఎడారి వైపు సాగుతోంది. రోడ్లు దాటింది, ఇళ్ళ కప్పులు దాటింది, ఇంకా పోతోంది. నీడ పడిన చోటల్లా కింద దీపాలు వెలుగుతున్నాయి. అటూ ఇటూ ఇంకా ఎండ. ఆ పొడుగు చారలో ఉన్నవాళ్ళకు మాత్రం అప్పుడే సాయంత్రమైపోయింది. వాళ్ళలో ఎవరైనా తలెత్తి, ఎవడురా మా పొద్దుకు అడ్డం వచ్చింది అని తిట్టుకుంటారా అని ఆలోచిస్తూ నిలబడిపోయింది సావిత్రి. నీడ కొస కనబడనంత దూరం పోయి, మొత్తం ఊరంతా నీడలో కలిసిపోయేదాకా నిలబడింది. ఎవరూ "ఏమే" అని పిలవలేదు. బస్తాలు అడగలేదు. నీళ్ళు అడగలేదు. కాళ్ళు నొప్పి పుట్టిన సంగతి కూడా దిగబోయే ముందుగానీ తెలియలేదు.

కింద కొలను ఒడ్డున నీళ్ళు పాటకు ఎగురుతున్నాయి, జనం ఫోన్లు ఎత్తి చూస్తున్నారు. శ్రీరంగం ఒక బల్ల మీద సూటు మడత నలగకుండా కూర్చుని ఉన్నాడు. గంటన్నర ఏమైపోయావనిగానీ, ఎలా ఉందనిగానీ, తిన్నావా అనిగానీ అడగలేదు. హోటలు గదిలో పెట్టే చిన్న కాగితాల పుస్తకం, పెన్ను బయటికి తీశాడు.

"చెప్పు చెప్పు. టకటక చెప్పు, బస్సు టైమైతున్నది. ఏమేం కనపడ్డయి?"

సావిత్రి ఆ పెన్ను వైపు చూసింది. నిజం చెప్పాలని కాసేపటి క్రితం వరకు ఉండింది. ఆ నీడ సంగతి ఎవరికైనా చెప్పాలని నిజంగానే ఉండింది.

"ఇరాన్ కొండలు కనపడ్డయి" అంది.

ఆయన రాసుకున్నాడు. "ఇంకా?"

"పైన మస్తు చలి. లిఫ్టు దిగంగనే తలా ఒక శాలువా కప్పుతరు. దిగేటప్పుడు మళ్ళీ తీసుకుంటరు."

"శాలువా... ఏం రంగు?"

"మెరూను."

"ఇంకా?"

"అంతస్తు మొత్తం తిరగలి తీరు మెల్లగ తిరుగుతది. మనం కూసున్నకాడనే కూసుంటే అన్ని దిక్కులు అవే వస్తయి."

శ్రీరంగం పెన్ను మూసి జేబులో పెట్టుకుని, చూసినవాడి తృప్తితో లేచాడు. సావిత్రి అతని వెనక నడిచింది. నవ్వు రాలేదు. ఎవరికో పాచిపోయిన అన్నం వేస్తే, వాడు లొట్టలు వేసుకుంటూ తింటుంటే చూసినట్టు అయింది.

కోంటకు వచ్చిన రెండో ఆదివారం వైశ్య సంఘం వాళ్ళు కల్యాణ మండపంలో పూజా, భోజనాలూ పెట్టారు. విదేశం వెళ్ళి వచ్చిన మొదటి సంఘ సభ్యుడని శ్రీరంగాన్ని వేదిక ఎక్కించి శాలువా కప్పారు. పూజకని భోపాలపట్నం నుంచి కిరణ్‌కుమార్, ప్రశాంతి కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. శ్రీరంగం మైకు అందుకున్నాడు.

"ఈ శాలువా చూస్తే నాకు అక్కడి శాలువా యాదికొస్తున్నది. నూట ఇరవైనాలుగో అంతస్తులో కాలు పెట్టంగనే చలికి గజగజ వణుకుడే. అందుకే వాళ్ళు తలా ఒక మెరూను శాలువా కప్పుతరు..."

చప్పట్లు పడ్డాయి. ఆయన గొంతు పెరిగింది. ఇరాన్ కొండల మీద మంచు కూడా కనబడిందన్నాడు. అది సావిత్రి చెప్పలేదు, సొంతంగా కలిపాడు. అంతస్తు తిరుగుతుంటే తనకు ఒక్క క్షణం కూడా కళ్ళు తిరగలేదన్నాడు.

కిరణ్‌కుమార్ పకపకా నవ్వాడు. అందులో కల్మషమేమీ లేదు, నిజంగానే తమాషా అనుకున్నాడు. "బావా, మనం ఎక్కింది ఒక్క బిల్డింగేనా? మాకు శాలువా ఎవడిచ్చిండు? అది ఎక్కడ తిరిగింది?"

మండపమంతా ఒక్కసారి కిరణ్ వైపు తిరిగింది. శ్రీరంగం మైకు దించకుండానే, "మా ఇంటామెను అడుగుండ్రి. నా పక్కనే ఉన్నది. చెప్పు సావిత్రీ" అన్నాడు.

ఆమె లేచింది. మెల్లగా లేచి, కొంగు సర్దుకుంది. ఆయన మొహంలో నమ్మకం చూసింది. అది చూసి కూడా ఆగలేదు.

"ఆయన ఎక్కలే. నేనెక్కిన. కింద కూసోని, పైన ఏమున్నదో చెప్పుమంటే నోటికొచ్చింది చెప్పిన. శాలువా నా అబద్ధం. ఇరాన్ నా అబద్ధం. తిరుగుడు కూడా నాదే. మంచు ఆయనది, ఎక్కిన అన్న మాట ఆయనది."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు వరస వరసా ముందుకు వచ్చింది. ఇందాక చప్పట్లు కొట్టిన చేతులే తొడలు చరుచుకున్నాయి. భద్రాచలం దాటి ఎరగనివాళ్ళు, బావిలోకి తొంగిచూడాలంటే గిలక పట్టుకునేవాళ్ళు, మేడ ఎక్కలేని మనిషిని చూసి కడుపు పట్టుకుని నవ్వారు. సావిత్రి వాళ్ళను చూసింది. వీళ్ళ ముందా నేను ఆయన్ని నిలబెట్టింది అనిపించింది. శ్రీరంగం మైకును ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. అది కీచుమంది. పూజారి వచ్చి తీసుకున్నాడు. శాలువా భుజం మీద ఉండగానే మెట్లు దిగి, పంక్తి వైపు చూడకుండా ఇంటికి నడిచిపోయాడు.

భోజనాల పంక్తిలో ఆడవాళ్ళు సావిత్రి చుట్టూ మూగారు. "ఎట్లుంది వదినా పైన?" అని ఒకామె అడిగింది. సావిత్రి నీడ సంగతి చెప్పబోయింది. "నీడా?" అని ఆమె మొహం చిట్లించి, "అక్కడ బంగారం తులం ఎంతున్నదే?" అని అడిగింది. సావిత్రి విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది.

ఇంట్లో శ్రీరంగం ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. శాలువా మడిచి బల్ల మీద పెట్టాడు. ఆమె చెప్పులు విడిచి, నిలబడే అడిగింది.

"ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడన్న చెప్పొచ్చు గదా, ఎత్తంటే నాకు భయమని. నేనేమన్న తింటనా?"

ఆయన తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగా ఉంది. "చెప్తే నువ్వు నన్ను ఎట్ల చూస్తవో నాకెరికే. గిప్పుడు చూస్తున్నవ్ గదా, గట్లనే. పెండ్లయిన కొత్తల నుంచి గట్లనే చూస్తున్నవ్. అందుకే అన్ని కోతలు కోసిన. ఒక్కసారన్న వేరే తీరు చూస్తవేమోనని."

సావిత్రి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఆయన పంక్తిలో తినలేదు గదా అని పప్పు ఎసట్లో పడేసింది. పప్పు ఉడుకుతున్నంతసేపూ ఆయన చెప్పింది అబద్ధమని తేల్చుకోవడానికి ఒక్క రోజైనా, ఒక్క సందర్భమైనా దొరుకుతుందేమోనని వెనక్కి వెనక్కి వెళ్ళింది. వాసవి పెళ్ళిరోజు ఒక్కటే దొరికింది. దాన్ని కూడా లిఫ్టులో తానే కొట్టిపారేసింది.

తర్వాత వారం రోజులు బజారు నవ్వింది. "శ్రీరంగం సేటూ, నిచ్చెనలు అమ్ముతవా?" అని హోటలు దగ్గర ఎవడో అరిచాడు. శ్రీరంగం ఆగకుండా నడిచిపోయాడు. అదే మాట మరునాడు కొట్టుకు వచ్చి ఆమె ముందు అంటే, "అమ్ముతం. నువ్వెక్కేదాకా కింద నిలబడి చూస్త, ఎక్కు" అని సావిత్రి నిజంగానే వెదురు నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది. వాడు మూడు మెట్లెక్కి, దిగి, మేకులు కొనుక్కుని వెళ్ళిపోయాడు. కుర్చీలో ఉన్న శ్రీరంగం పేపరు చాటు నుంచి చూశాడు. కోతలు కోయడం మానేశాడు. కొట్టు ముందు ఆ నిశ్శబ్దం సావిత్రికి అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. ఒక్కొక్కప్పుడు విసుగు పుట్టేది కూడా. పాత వాగుడే నయమనిపించి, అలా అనిపించినందుకు తనను తానే తిట్టుకునేది.

వానలు వెనకబట్టి మళ్ళీ ఇళ్ళ పనులు మొదలైన రోజుల్లో ఉమామహేష్ ఫోను చేశాడు. ఈ ఏడు కూడా లక్ష్యం దాటారట, ఈసారి మలేషియా అట, అక్కడ జంట మేడలున్నాయట, ఎన్ని పేర్లు రాసుకోమంటారని అడిగాడు. కొట్టు నిండా జనం. జనపద్ పంచాయతీ ఆఫీసు నుంచి ఇద్దరు, దోర్లా వాళ్ళు నలుగురు, హోటలు దగ్గర అరిచినవాడు కూడా ఉన్నాడు. శ్రీరంగం ఫోను చెవికి ఆనించుకుని లేచి నిలబడ్డాడు. ఎప్పటిలాగే పెద్దగొంతుతో మాట్లాడాడు.

"ఆఁ, రాసుకోండి సార్. ఇద్దరం వస్తున్నం. నేను ఎక్కను, నాకు ఎత్తంటే భయం. మా ఆమె ఎక్కుతది."

ఎవరు ఎక్కుతారని ఆ ఆఫీసరు అడగనేలేదు. కొట్టులో ఎవరూ నవ్వలేదు. సావిత్రి తీగ చుట్ట చేతిలో పట్టుకుని, ఎంత తూచాలో మరిచిపోయి, ఎదురుగా ఉన్న దోర్లా మనిషిని మళ్ళీ అడిగింది.